ఈస్టు చేసిన టీకా, బ్యాక్టీరియా ఇచ్చిన ఇన్సులిన్

ప్రభుత్వాసుపత్రిలో కాన్పయిన కాసేపటికే బిడ్డకు మూడు రక్షణలు మొదలవుతాయి. నోట్లో పోలియో చుక్కలు, భుజానికి బీసీజీ, తొడకు హెపటైటిస్-బి టీకా. మొదటి రెండింటిలో ఉండేవి బలం తగ్గించిన సూక్ష్మజీవులు. మూడోదాంట్లో వైరస్ లేనే లేదు. వైరస్ పైపొరలో ఉండే ఒకే ఒక్క ప్రొటీను ఉంటుంది. ఆ ప్రొటీనైనా వైరస్ నుంచి తీసింది కాదు, ఈస్టు కణాల చేత చేయించింది.

ఇలాంటి మందులు మన చుట్టూ చాలానే ఉన్నాయి. చక్కెర జబ్బు ఉన్నవాళ్లు భోజనానికి ముందు వేసుకునే ఇన్సులిన్‌ను బ్యాక్టీరియా గానీ, ఈస్టు గానీ తయారుచేస్తుంది. ఉద్దానంలో డయాలిసిస్ మీద ఉన్న రైతుకు రక్తహీనత తగ్గడానికి ఇచ్చే ఎరిత్రోపొయెటిన్ ఇంజెక్షన్, రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే ట్రాస్టుజుమాబ్, రెండూ చైనీస్ హ్యామ్‌స్టర్ అనే చిన్న ఎలుకజాతి జంతువు కణాల్లో తయారవుతాయి. వీటన్నిటినీ బయోటెక్ మందులంటారు. డాక్టర్లు బయలాజిక్స్ అంటారు. ఇవి ఎలా పుట్టాయన్నది ఎంత ముఖ్యమో, వీటిని తయారుచేయడం ఎవరు నేర్చుకున్నారు, ఎంతకు అమ్మారు అన్నదీ అంతే ముఖ్యం. ఎందుకంటే బతికిందెవరో తేల్చింది చాలాసార్లు ధరే. ఆ ధర దిగిరావడంలో హైదరాబాద్‌కు పెద్ద వాటా ఉంది.

మాత్ర వేరు, ఇది వేరు

మెడికల్ షాపులో దొరికే మాత్రల్లో చాలామటుకు రసాయన చర్యలతో తయారైనవే. ఆస్పిరిన్ అణువులో ఉండేవి 21 పరమాణువులు. జీడిమెట్ల, పటాన్‌చెరు రియాక్టర్లలో ఇలాంటి చిన్న అణువులను టన్నుల లెక్కన తయారుచేయడం తెలుగువాళ్లకు దశాబ్దాలుగా తెలిసిన విద్యే.

ఇన్సులిన్ అలా లొంగదు. అది ప్రొటీను. 51 అమైనో ఆమ్లాలు రెండు గొలుసులుగా ఏర్పడి, ఒకదానికొకటి ముడిపడి, ఒక ప్రత్యేకమైన ఆకారంలో ముడుచుకుంటేనే పనిచేస్తుంది. క్యాన్సర్‌కు వాడే యాంటీబాడీలు దానికంటే పాతిక రెట్లు బరువైనవి. అంత పెద్ద అణువులను, అంత కచ్చితమైన మడతలతో, చవకగా చేయగలిగింది జీవకణం ఒక్కటే. పైగా ప్రొటీను మింగితే కడుపులో అరిగిపోతుంది. ఈ మందుల్లో ఎక్కువ భాగం సూదిమందులే కావడానికి కారణం అదే.

జంతువుల నుంచి, శవాల నుంచి

1922 జనవరిలో కెనడాలోని టొరంటో ఆసుపత్రిలో లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల కుర్రవాడు మృత్యువుకు దగ్గరగా ఉన్నాడు. చక్కెర జబ్బు అతణ్ని ఎముకల గూడుగా మార్చేసింది. ఫ్రెడరిక్ బాంటింగ్, చార్లెస్ బెస్ట్ పశువుల క్లోమం నుంచి తీసిన సారాన్ని జనవరి 11న అతనికి ఎక్కించారు. ఆ సారం సరిగా శుద్ధి కాలేదు, ఫలితం అంతంతమాత్రంగానే ఉంది. జేమ్స్ కొల్లిప్ అనే రసాయన శాస్త్రవేత్త దాన్ని మరింత శుద్ధి చేశాక 12 రోజులకు మళ్లీ ఇచ్చారు. ఈసారి రక్తంలో చక్కెర దిగింది. ఆ కుర్రవాడు మరో 13 ఏళ్లు బతికాడు. ఇన్సులిన్ పేటెంటును దాని ఆవిష్కర్తలు తలా ఒక డాలరుకు టొరంటో విశ్వవిద్యాలయానికి రాసిచ్చేశారు.

ఆ తర్వాత 60 ఏళ్ల పాటు ప్రపంచానికి ఇన్సులిన్ కబేళాల నుంచే వచ్చింది. దాదాపు పావుకిలో శుద్ధమైన ఇన్సులిన్ కోసం రెండు టన్నులకు పైగా పంది క్లోమాలు కావలసి వచ్చేవి. పంది ఇన్సులిన్‌కూ మనిషి ఇన్సులిన్‌కూ ఒక అమైనో ఆమ్లం తేడా, ఆవు ఇన్సులిన్‌కు మూడు. ఆ కొద్దిపాటి తేడాకే కొందరికి ఒళ్లంతా దద్దుర్లు వచ్చేవి. చక్కెర రోగుల సంఖ్య పెరిగేకొద్దీ పశువులు చాలవేమోనన్న బెంగ కూడా ఉండేది.

మిగతా ప్రొటీను మందుల పరిస్థితి ఇంకా విషాదం. ఎదుగుదల లేని పిల్లలకు ఇచ్చే గ్రోత్ హార్మోన్‌ను శవాల మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథుల నుంచి తీసేవారు. ఆ మందు తీసుకున్నవాళ్లలో కొందరు పెద్దయ్యాక మెదడును తినేసే క్రూట్జ్‌ఫెల్ట్-జాకబ్ వ్యాధితో చనిపోయారని 1985లో బయటపడింది. హిమోఫీలియా ఉన్నవాళ్లకు రక్తం గడ్డకట్టడానికి ఫ్యాక్టర్-8 కావాలి. దాన్ని వేలమంది దాతల ప్లాస్మాను ఒకచోట కలిపి తీసేవారు. ఆ వేలల్లో ఒక్కరికి రోగం ఉన్నా అది మందంతటికీ పాకేది. 1980లలో ఈ దారినే హెచ్‌ఐవీ, హెపటైటిస్-సి ఎందరో హిమోఫీలియా రోగులకు సోకాయి. ప్రాణం నిలబెడుతుందనుకున్న మందే వాళ్ల ప్రాణం తీసింది.

కాకి గూట్లో కోకిల గుడ్డు

1973లో అమెరికాలో స్టాన్లీ కోహెన్, హెర్బర్ట్ బోయర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక జీవి డీఎన్‌ఏ ముక్కను కోసి, బ్యాక్టీరియాలో ఉండే ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ వలయంలో అతికించి, మళ్లీ బ్యాక్టీరియాలోకి పంపారు. కోయడానికీ అతకడానికీ వాళ్లు వాడింది ఎంజైములను. కాకి గూట్లో కోకిల గుడ్డు పెట్టిపోతే, తన పర తేడా తెలియని కాకి దాన్ని పొదిగి పెంచుతుంది. ఇక్కడా జరిగేది అదే. చొప్పించిన జన్యువును బ్యాక్టీరియా తన సొంతమనుకుంటుంది, అందులో రాసి ఉన్న ప్రొటీనును తయారుచేస్తూ పోతుంది. ఇ.కొలై అనే బ్యాక్టీరియా అనుకూల పరిస్థితుల్లో 20 నిమిషాలకోసారి రెండింతలవుతుంది. రాత్రి వేసిన నాలుగు చుక్కలు తెల్లారేసరికి తొట్టి నిండా అవుతాయి. ప్రతి కణంలోనూ ఆ జన్యువు ఉంటుంది.

1976లో బోయర్, రాబర్ట్ స్వాన్సన్ కలిసి జెనెన్‌టెక్ కంపెనీ పెట్టారు. ఇన్సులిన్‌లోని రెండు గొలుసులకు వేర్వేరుగా జన్యువులు తయారుచేసి, వాటిని వేర్వేరు బ్యాక్టీరియాల్లో పెట్టి, వచ్చిన గొలుసులను చివర్లో కలిపి 1978లో మనిషి ఇన్సులిన్‌ను సాధించారు. ఎలై లిల్లీ కంపెనీ దాన్ని భారీగా తయారుచేసింది. హ్యూములిన్ పేరుతో 1982 అక్టోబరులో అమెరికాలో అనుమతి పొందిన ఈ ఇన్సులిన్, జన్యు ఇంజనీరింగ్‌తో తయారై రోగులకు చేరిన మొట్టమొదటి మందు. 1985లో గ్రోత్ హార్మోన్, 1992లో ఫ్యాక్టర్-8 ఇదే పద్ధతిలో వచ్చాయి. శవాలతో పని తప్పింది, దాతల రక్తం మీద ఆధారపడటం తగ్గింది.

ఎరిత్రోపొయెటిన్ విషయంలో ఈ మార్పు ఎంత పెద్దదో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఎముకమజ్జకు ఎర్ర రక్తకణాలు తయారుచేయమని చెప్పే ఈ హార్మోన్‌ను మూత్రపిండాలు విడుదల చేస్తాయి. అవి దెబ్బతింటే రక్తహీనత తప్పదు. 1970లలో దీన్ని శుద్ధి చేయడానికి యూజీన్ గోల్డ్‌వాసర్ బృందం జపాన్‌లోని రోగుల నుంచి సేకరించిన 2,550 లీటర్ల మూత్రాన్ని వడగడితే దొరికింది కొద్ది మిల్లీగ్రాములు. దాని జన్యువును హ్యామ్‌స్టర్ కణాల్లోకి చేర్చాక 1989 నాటికి అది మందుగా వచ్చింది. అంతకుముందు పదేపదే రక్తం ఎక్కించుకుంటూ గడిపిన కిడ్నీ రోగులకు ఆ బాధ చాలావరకు తప్పింది.

హైదరాబాద్ చేసి చూపిన పని

హెపటైటిస్-బి వైరస్ కాలేయాన్ని పట్టుకుంటుంది. పెద్దవాళ్లకు సోకితే చాలామందిలో దానంతటదే పోతుంది. కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు సోకితే మాత్రం పదిమందిలో తొమ్మిదిమందికి జీవితాంతం ఉండిపోతుంది, దశాబ్దాల తర్వాత కాలేయం గట్టిపడిపోవడానికో క్యాన్సర్‌కో దారితీస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 అంచనా ప్రకారం భారతదేశంలో దాదాపు 3 కోట్లమంది ఈ వైరస్‌తో బతుకుతున్నారు. పుట్టిన 24 గంటల్లోపు మొదటి డోసు పడాలని పట్టుబట్టేది అందుకే.

ఈ వైరస్ పైపొర ప్రొటీనును రక్తంలో గుర్తించిన బరూచ్ బ్లంబర్గ్‌కు 1976లో నోబెల్ వచ్చింది. 1981లో అమెరికాలో అనుమతి పొందిన మొదటి టీకాను వైరస్ ఉన్నవాళ్ల రక్తం నుంచే తీశారు. ఎయిడ్స్ భయం మొదలైన రోజులవి. రక్తం నుంచి తీసిన టీకా అంటే జనం జంకారు. జన్యువును ఈస్టులో పెట్టి చేసిన టీకా 1986లో వచ్చింది. ఈస్టు కణంలో తయారైన ఆ ప్రొటీను ముక్కలు తమంతట తామే కలిసి, మిల్లీమీటరులో యాభైవేలో వంతు కంటే కాస్త పెద్దవైన గుండ్రటి రేణువులుగా ఏర్పడతాయి. రోగుల రక్తంలో కనిపించే రేణువులూ అచ్చం అలాగే ఉంటాయి. శరీరం వాటిని చూసి వైరస్ వచ్చిందనుకుని రక్షణ సిద్ధం చేసుకుంటుంది. లోపల వైరస్ జన్యుపదార్థం లేదు కాబట్టి రోగం వచ్చే అవకాశమే లేదు.

శాస్త్రం పూర్తయింది. టీకా మాత్రం మన పిల్లలకు అందలేదు. 1990ల మొదట్లో దిగుమతి టీకా ఒక్క డోసుకు 700 రూపాయలకు పైమాటే. బిడ్డకు మూడు డోసులు. వ్యవసాయ కూలీకి అది నెల రోజుల కూలితో తీరే ఖర్చు కాదు.

అప్పుడు రంగంలోకి దిగిన మనిషి డాక్టరూ కాదు, జీవశాస్త్రవేత్తా కాదు. నెల్లూరు జిల్లాలో పుట్టిన ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు కె.ఐ. వరప్రసాద్ రెడ్డి. తర్వాతి కాలంలో 'హాసం' పత్రికతో తెలుగు పాఠకులకూ దగ్గరైన వ్యక్తి. జెనీవాలో ఒక సమావేశానికి వెళ్లినప్పుడు ఈ టీకా గురించి, భారతదేశంలో దాని అవసరం గురించి ఆయనకు తెలిసింది. సాంకేతికత ఇవ్వమని విదేశీ కంపెనీని అడిగితే కాదన్నారని ఆయన పలుమార్లు చెప్పారు. ఇక్కడే తయారుచేద్దామని 1993లో తల్లి శాంతమ్మ పేరుమీద శాంతా బయోటెక్నిక్స్ ప్రారంభించారు. జన్యు ఇంజనీరింగ్‌కు అప్పు ఇచ్చే బ్యాంకులు అప్పట్లో లేవు, ఒమన్ నుంచి పెట్టుబడి వచ్చింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం చోటిచ్చింది. ఆ తర్వాత పరిశోధన సీసీఎంబీ అనే జీవకణ పరిశోధన సంస్థ ప్రయోగశాలల్లో సాగింది. 1997 ఆగస్టులో శాన్‌వాక్-బి విడుదలైంది. భారతదేశంలో జన్యు ఇంజనీరింగ్‌తో తయారై మార్కెట్‌కు వచ్చిన తొలి ఉత్పత్తి అదే.

దిగుమతి టీకా ధరలో చిన్న భాగానికే అది దొరకడంతో విదేశీ కంపెనీలూ ధర తగ్గించక తప్పలేదు. ఆ వెనకే కృష్ణ ఎల్లా, సుచిత్ర ఎల్లా స్థాపించిన భారత్ బయోటెక్ కూడా హైదరాబాద్ నుంచే తన టీకాను తెచ్చింది. పోటీ పెరిగేకొద్దీ ధర పదుల రూపాయల్లోకి దిగింది. శాన్‌వాక్-బికి 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు దక్కి, యునిసెఫ్ ద్వారా ఇతర దేశాల పిల్లలకూ వెళ్లింది. అదే ఏడాది మన ప్రభుత్వం ఎంపిక చేసిన ప్రాంతాల్లో ఈ టీకాను ఉచిత కార్యక్రమంలో మొదలుపెట్టి, 2011 నాటికి దేశమంతటా విస్తరించింది. 2009లో శాంతా బయోటెక్నిక్స్‌ను ఫ్రాన్స్ కంపెనీ సనోఫీ కొనుక్కుంది. ఈలోగా ఇక్కడ ఒక తరం శాస్త్రవేత్తలు, టెక్నీషియన్లు ఈ పని నేర్చుకున్నారు. శామీర్‌పేట చుట్టుపక్కల జీనోమ్ వ్యాలీ అనే బయోటెక్ పారిశ్రామిక ప్రాంతం పెరగడానికి ఆ చేతులే ఆధారం.

తొట్టిలో ఏం జరుగుతుంది

శాన్‌వాక్-బికి వాడిన ఈస్టు పేరు పికియా పాస్టోరిస్. బేకరీలో వాడే ఈస్టు బంధువర్గంలోదే కానీ దీనికో ప్రత్యేకత ఉంది. మిథనాల్‌ను ఆహారంగా వాడుకోగలదు. మిథనాల్ తగిలినప్పుడు మాత్రమే మేలుకునే ఒక మీట దాని డీఎన్‌ఏలో ఉంది. టీకా ప్రొటీను జన్యువును శాస్త్రవేత్తలు సరిగ్గా ఆ మీట పక్కన పెడతారు.

ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించి దాచిన మూల కణాల నుంచి ఒక చిన్న సీసా బయటికి తీస్తారు. ముందు గాజు ఫ్లాస్కులో, తర్వాత చిన్న తొట్టిలో, ఆపైన వందల లీటర్ల స్టీలు ఫెర్మెంటర్‌లో పెంచుతారు. ఉష్ణోగ్రత, ఆమ్లత, గాలి క్షణక్షణం కొలుస్తూ ఉంటారు. మొదట గ్లిసరాల్ పెట్టి ఈస్టు చిక్కబడేదాకా పెంచి, అప్పుడు మిథనాల్ వదులుతారు. కణాలు టీకా ప్రొటీనును చేయడం మొదలుపెడతాయి. తర్వాత కణాలను పగలగొట్టి, వడపోసి, గొట్టాల్లాంటి కాలమ్‌ల గుండా పంపి, ఈస్టుకు చెందిన మిగతా ప్రొటీన్లన్నీ వదిలించుకుంటారు. చివరికి మిగిలిన ప్రొటీనును అల్యూమినియం లవణానికి పట్టించి సీసాల్లో నింపుతారు. సమయంలో ఎక్కువ భాగం శుద్ధికి, పరీక్షలకే పోతుంది.

ఇదే ఈస్టు 2021 చివర్లో మళ్లీ మనల్ని ఆదుకుంది. హైదరాబాద్‌లో 1953 నుంచి ఉన్న బయలాజికల్-ఇ కంపెనీ, అమెరికాలోని హ్యూస్టన్‌లో పీటర్ హోటెజ్, మరియా ఎలెనా బొటాజీ బృందం పేటెంటు పెట్టుకోకుండా ఇచ్చిన పద్ధతితో కార్బెవ్యాక్స్ అనే కోవిడ్ టీకా చేసింది. కరోనా వైరస్ మన కణాలకు అతుక్కునే చోట ఉండే ప్రొటీను ముక్కను పికియా చేత తయారుచేయించారు. 2022 మార్చి 16 నుంచి దేశంలో 12–14 ఏళ్ల పిల్లలకు వేసింది ఈ టీకానే.

అచ్చం అదే కాదు, అయినా అదే పని

1975లో కేంబ్రిడ్జిలో జార్జెస్ కోహ్లర్, సీజర్ మిల్‌స్టీన్ ఒకే లక్ష్యాన్ని పట్టుకునే యాంటీబాడీలను కావలసినన్ని తయారుచేసే పద్ధతి కనిపెట్టారు. దాని ఫలమే రిటుక్సిమాబ్. కొన్ని రకాల లింఫోమా క్యాన్సర్లలో రోగ కణాల మీదుండే ఒక గుర్తును పట్టుకుని వాటిని తుదముట్టించే ఈ మందు 1997లో అమెరికాలో అనుమతి పొందింది. గొప్ప మందే, కానీ మన దేశంలో మధ్యతరగతి ఇల్లు కూడా తట్టుకోలేని ఖరీదు. 2007లో డాక్టర్ రెడ్డీస్ హైదరాబాద్‌లో అలాంటి యాంటీబాడీనే తయారుచేసి రెడిటక్స్ పేరుతో దాదాపు సగం ధరకు తెచ్చింది. రిటుక్సిమాబ్‌కు ప్రపంచంలో వచ్చిన మొదటి బయోసిమిలర్ అదే. బెంగళూరు బయోకాన్ చేసిన ట్రాస్టుజుమాబ్ బయోసిమిలర్‌కు 2017లో అమెరికా అనుమతి కూడా వచ్చింది.

బయోసిమిలర్‌ను జెనరిక్ మాత్రతో కలిపి చూడకూడదు. పారాసిటమాల్ ఏ కంపెనీ చేసినా అణువు ఒకటే. యాంటీబాడీ అలా కాదు. కణాలు దానికి చక్కెర గొలుసులు తగిలిస్తాయి, తొట్టిలో పరిస్థితులు కాస్త మారితే ఆ గొలుసులూ కాస్త మారతాయి. అందుకే కొత్త కంపెనీ తన మందు అసలు మందుకు సాటి వస్తుందని ప్రయోగశాల పరీక్షలతోనూ రోగుల మీద అధ్యయనాలతోనూ చూపించాలి. భారతదేశంలో ఇందుకు 2012లో ప్రత్యేక మార్గదర్శకాలు వచ్చాయి, 2016లో వాటిని సవరించారు. ఈ వడపోత దాటి వచ్చిన మందును "నకలు" అని చిన్నచూపు చూడనక్కర్లేదు.

ఇంట్లో, ఆసుపత్రిలో గమనించాల్సినవి

ప్రొటీను మందుకు వేడి పడదు, గడ్డకట్టే చలి అసలే పడదు. వాడకం మొదలుపెట్టని ఇన్సులిన్, టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రీజర్‌లో పెట్టిన ఇన్సులిన్‌ను పారేయాల్సిందే. పిల్లల టీకా సీసా మీద వలయం మధ్యలో ఒక చిన్న చదరం ఉంటుంది. సీసా వేడికి గురైన కొద్దీ ఆ చదరం ముదురు రంగుకు తిరుగుతుంది. అది చుట్టూ ఉన్న వలయం రంగుతో కలిసిపోతే ఆ సీసా పనికిరాదు. ఏఎన్‌ఎం టీకా వేసే ముందు సీసాను వేలితో తిప్పి చూసేది ఆ గుర్తు కోసమే. హెపటైటిస్-బి టీకా గడ్డకట్టిందన్న అనుమానం వస్తే సీసాను ఊపి చూస్తారు. పలుకులు తేలినా, తొందరగా అడుగుకు దిగిపోయినా దాన్ని వాడరు.

ఇన్సులిన్ వాడే ఇళ్లలో ఇంకో ప్రమాదం పొంచి ఉంటుంది. మన దగ్గర సీసాల్లో దొరికే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది, కొన్ని 100 యూనిట్లవి. 40కి ఎర్ర మూత సిరంజి, 100కు నారింజ మూత సిరంజి. సీసా ఒకటి, సిరంజి ఇంకొకటి అయితే డోసు రెండున్నర రెట్లు పెరగొచ్చు, లేదా సగానికన్నా తక్కువకు పడిపోవచ్చు. పెరిగితే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. షాపులో సిరంజి తీసుకునేటప్పుడు సీసా మీద అంకెను, మూత రంగును పక్కపక్కన పెట్టి చూసుకోవడం ఒక్క నిమిషం పని.

ధర గొడవ తీరలేదు. రోగి సొంత తెల్లరక్తకణాలనే బయటికి తీసి, జన్యువు మార్చి, క్యాన్సర్ మీదికి పంపే కార్-టి చికిత్సకు అమెరికాలో కోట్ల రూపాయలవుతుంది. ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ కలిసి అభివృద్ధి చేసిన నెక్స్‌కార్-19కు 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. అప్పట్లో ఖర్చు సుమారు 40 లక్షల రూపాయలు. అమెరికాతో పోలిస్తే ఎంతో తక్కువ, మన కుటుంబాలకు ఇప్పటికీ అందనంత ఎక్కువ. హెపటైటిస్-బి టీకా దారి ఇక్కడా పనికొస్తుంది: ఇంకా ఎక్కువ సంస్థలు ఈ పని నేర్చుకోవాలి, ప్రభుత్వం పెద్దమొత్తంలో కొనాలి, ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్యసేవ లాంటి పథకాలు ఆ ఖర్చును మోయాలి.

అప్పటిదాకా రోగులు, వాళ్ల ఇంట్లోవాళ్లు చేయగలిగింది కొంత ఉంది. డాక్టరు ఖరీదైన సూదిమందు రాసినప్పుడు ఖర్చుకు భయపడి చికిత్స మానేయకూడదు. దానికి బయోసిమిలర్ ఉందా, ఎన్ని డోసులు కావాలి, పథకంలో వస్తుందా అని నేరుగా అడగాలి. రిటుక్సిమాబ్, ట్రాస్టుజుమాబ్‌లను ఇప్పుడు మన దేశంలో పలు కంపెనీలు చేస్తున్నాయి. మనిషి ఇన్సులిన్‌తో పాటు గ్లార్జిన్ ఇన్సులిన్‌ను కూడా 2022లో అత్యవసర మందుల జాతీయ జాబితాలో చేర్చారు, కాబట్టి వాటికి గరిష్ఠ ధర ఉంటుంది. కంపెనీకీ కంపెనీకీ, ఆసుపత్రి ఫార్మసీకీ బయటి షాపుకీ ధరలో తేడా ఉంటుంది. ఆ వివరాలు చెప్పమని అడగడం రోగి హక్కు.